మిల్లు సామానుకు పదకొండు పెట్టెలు

షాద్‌నగర్ స్టేషను పక్కన ఉన్న నూనె మిల్లులో వెంకటరాజం సామాన్ల మున్షీ. మిల్లులోకి వచ్చే ప్రతి బోల్టూ, బయటికి పోయే ప్రతి తోలు పట్టా అతని కళ్లముందు నుంచే పోవాలి. పందొమ్మిదేళ్లుగా అదే పని. పుట్టింది పానగల్లులో, మగ్గం గుంట పక్కన. నల్లగొండ బడిలో ఉర్దూ బాగా పట్టుబడినందుకు, తాతతండ్రుల నేత వదిలి ఇంత దూరం వచ్చి ఇనుముకు కాపలా కాసే కొలువులో కుదురుకున్నాడు. మితంగా మాట్లాడేవాడు. చెయ్యి పెట్టి చూస్తే తప్ప ఏ వస్తువునూ నమ్మేవాడు కాదు.

పోలీసు యాక్షను అయిన మరుసటేడు, దసరా వెళ్లిన వారానికి ఆదోని నుంచి ఒక ఉత్తరం వచ్చింది. సేటు దాన్ని రెండుసార్లు చదివి వెంకటరాజాన్ని పిలిపించాడు.

మిల్లు సరిగ్గా నడవక అప్పటికి రెండేళ్లు కావస్తోంది. ఊళ్లలో కొట్లాటలు, రజాకార్లు, ఆ తర్వాత యూనియను మిలిటరీ. రైతులు ఆముదం వేయనే లేదు. వేసిన నాలుగు చోట్ల నుంచి బండ్లు రాలేదు. ఇక లాభం లేదని సేటు యంత్రాలన్నీ ఆదోనిలోని ఒక నూనె మిల్లుకు అమ్మేశాడు. ముందుగా చిన్న ఇంజను పంపారు. ఎప్పటిలాగే గురవయ్య కట్టె డిపో వాళ్లు పెట్టె చేసిచ్చారు. గుంతకల్లులో చిన్న లైను బండిలోంచి పెద్ద లైను బండిలోకి మార్చేటప్పుడు పెట్టె అడుగు ఊడిపోయింది. ఇంజను పెద్ద చక్రం రాళ్ల మీద పడి పగిలింది.

"ఇంకొక్కటి పగిలొస్తే బేరం వద్దంటున్నరు," అన్నాడు సేటు. "ఇంకా పదకొండు పెట్టెల సామానుంది. ఎవరితోని చేయించాల్నో నువ్వే చూడు రాజం. నేను నడుమ రాను. కానీ ఏమన్నయితే పేరు నీదే."

"సరే," అన్నాడు వెంకటరాజం.

ఆ రోజుల్లో అతను ఎవరేమన్నా సరే అనేవాడు. భార్య సుభద్రమ్మ పోయి అప్పటికి పదహారు నెలలు. ఆమె, కూతురు రాజమణి పానగల్లులోనే ఉండేవాళ్లు. నెలకోసారి అతను పోయి వచ్చేవాడు. నలభై ఎనిమిది ఎండకాలంలో రజాకార్ల భయానికి పానగల్లు చుట్టుపక్కల వాళ్లు నిజాం రాజ్యం సరిహద్దు దాటి, జగ్గయ్యపేట దిక్కు క్యాంపులకు పోయారు. మీరూ వాళ్లతో పోండి, సెలవు దొరకంగనే నేనొస్త అని వెంకటరాజం కబురు పంపాడు. దారులు మూసుకుపోయాయి. సెలవు దొరికినా పోయే దారి లేదు. క్యాంపులో గత్తర, అదే కలరా, తగిలి సుభద్రమ్మ చచ్చిపోయింది.

ఆ మాట ఆషాఢంలో తెలిసింది. పానగల్లు మనిషి ఒకాయన మిల్లు గేటు దగ్గర నిలబడి చెప్పాడు. అప్పుడు వెంకటరాజం చేతిలో ఒక తోలు పట్టా ఉంది. దాన్ని చివరిదాకా కొలిచి, పొడుగు రాసుకుని, లోపలికి పోయి సేటుకు చెప్పాడు. సేటు కూర్చోమంటే కూర్చున్నాడు. నీళ్లిస్తే తాగాడు. ఏడుపు వస్తుందేమోనని అతనే ఎదురుచూశాడు. రాలేదు. ఆ తర్వాతా రాలేదు. యాక్షను అయ్యాక రాజమణి ఇరుగుపొరుగు వాళ్లతో తిరిగొస్తే, పోయి షాద్‌నగర్‌కు తెచ్చుకున్నాడు. అమ్మ ఎట్లా పోయిందని అతను అడగలేదు. ఆ పిల్లా చెప్పలేదు. పొద్దున వండిపెట్టేది, మధ్యాహ్నం మిల్లుకు సద్ది తెచ్చేది. ఇద్దరూ ఉప్పు సరిపోయిందా లేదా అన్నంత మాత్రమే మాట్లాడుకునేవాళ్లు.

పెట్టెల పని అతనికి నచ్చింది అనలేం. ఏదీ నచ్చడం, నచ్చకపోవడం అప్పుడు లేదు. పని వచ్చింది కనుక పట్టుకున్నాడు.

ముందు గురవయ్య డిపోకు పోయాడు. షాద్‌నగర్‌లో కట్టె అమ్మేది ఆయన ఒక్కడే. ఈ మధ్య ఖద్దరు టోపీ పెడుతున్నాడు. "పోయినసారి కూలోళ్లు ఎత్తి పడేసిన్రు. మా పెట్టెది తప్పు కాదు," అన్నాడు. "ఎన్ని పెట్టెలు గావాలె?"

"ముందుగాల ఒకటి చెయ్యి. చూస్త."

తర్వాత ఫరూఖ్‌నగర్‌లో వడ్ల లింగాచారి దగ్గరికి పోయాడు. నాలుగు ఊళ్లకు తలుపులు, దర్వాజలు చేసే మనిషి. ఉలి పట్టుకుంటే కట్టె మీద వెన్న తీసినట్టు ఉంటుంది. ఆయన పొడుగెంత, వెడల్పెంత అని అడిగి, గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు.

మూడో మనిషి ఉన్నాడని వెంకటరాజానికి ఎవరూ చెప్పలేదు. మిల్లు కొట్టంలో పాత తోలు పట్టాలు వేసే పెట్టె ఒకటుంది. యుద్ధం రోజుల్లో ఒక ఇరుసు బాగు చేయించడానికి ఆ పెట్టెలోనే బొంబాయి పంపారు. రెండుసార్లు పోయి రెండుసార్లు తిరిగొచ్చింది. సేటే చేయించి తెప్పించిన పెట్టె కనుక, చేసిందెవరో అప్పుడు వెంకటరాజం అడగలేదు. వెంకటరాజం పట్టాలన్నీ తీసేసి దాన్ని బోర్లించాడు. మూలలు పట్టుకుని ఊపాడు. పదేళ్ల పెట్టె కదల్లేదు. అడుగున రెండు మొద్దులు, వాటి నుంచి పైకి బోల్టులు, పక్కలకు ఏటవాలుగా కొట్టిన పట్టీలు. హమాలీ బీరప్ప అటుగా పోతుంటే పిలిచాడు.

"ఇది ఎవరు చేసిన్రు బీరప్పా?"

బీరప్ప పెట్టె వంక చూసి, భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు. "గది దస్తగిరిది, మున్షీ సాబు."

"ఉన్నడా ఈడ?"

"ఉన్నడు." మళ్లీ అతనే అన్నాడు. "ఉన్నడంటే ఉన్నడు."

దస్తగిరి ఇల్లు రైలు పట్టాలకు అవతల. అరవై ఏళ్లుంటాయి. లాలాగూడ రైలు వర్క్‌షాపులో ఇంజను సామాన్లకు పెట్టెలు చేసీ చేసీ, కన్ను మందగించాక సొంత ఊరికి వచ్చినవాడు. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. రంపం గోడకు వేలాడుతోంది. దాని పళ్ల నడుమ సాలెగూడు.

వెంకటరాజం వచ్చిన పని చెప్పాడు. దస్తగిరి కళ్లు రంపం మీదికి పోయాయి. తర్వాత, "యాక్షను అయినకాడికెల్లి నాకు ఎవ్వరు కట్టె అమ్మరు మున్షీ సాబ్," అన్నాడు.

"కట్టె నేనిస్త. ఒక్క పెట్టె చెయ్యి."

"అందుల ఏం పోతది?"

"పళ్ల చక్రాల డబ్బా. నూనె యంత్రానిది."

"దాని బరువు ఎటు దిక్కుంటది? నడుమనా, ఒక పక్కకా?"

ఆ మాట మిగతా ఇద్దరూ అడగలేదు. "ఒక పక్కకు," అన్నాడు వెంకటరాజం.

"అయితే నేనొచ్చి చూడాలె. చూడంది చెయ్యలేను."

మరునాడు వచ్చాడు. గేటు దగ్గర ఆగి, ఎవరైనా ఏమన్నా అంటారేమోనని ఇటూ అటూ చూసి లోపలికి నడిచాడు. ఆ ఇనుప డబ్బా చుట్టూ మూడుసార్లు తిరిగి, దాని కాళ్లను పురికొసతో కొలిచి, కొసకు ముడులు వేసుకుని పోయాడు.

పది రోజులకు మూడు పెట్టెలూ తయారయ్యాయి. ఒక మధ్యాహ్నం వెంకటరాజం వాటిని స్టేషను మాలు గోదాం దగ్గరికి చేర్పించాడు. ముందే ముగ్గురికీ ఒకే బరువు పాత ఇనుము ఇచ్చి, పెట్టెల్లో పెట్టి తెమ్మన్నాడు; ఇప్పుడు వాటిని గోదాం అరుగు మీంచి కిందికి తోయమన్నాడు. గుంతకల్లులో జరిగేది అదే కదా అన్నాడు. బీరప్పా, ఇంకో నలుగురు హమాలీలూ తోశారు.

గురవయ్య పెట్టె మొదటి దెబ్బకు కిర్రుమంది, రెండో దెబ్బకు అడుగు వదిలేసింది. పచ్చి మామిడి చెక్క. చీలలు ఊడి బయటికొచ్చాయి. లింగాచారి పెట్టె చూడ్డానికి పెళ్లివారి సందూకులా ఉంది. సందు కనపడదు, చీల కనపడదు. మూడో దెబ్బదాకా నిలిచింది కానీ, లోపల ఇనుము అటూ ఇటూ దొర్లి మూల చీల్చేసింది. దస్తగిరి పెట్టె చూడ్డానికి బాగాలేదు. చెక్కకూ చెక్కకూ నడుమ రెండు వేళ్లు పట్టే సందులు. అయితే అతను ఇనుమును పెట్టెలో పెట్టలేదు. ముందు ఇనుమును రెండు మొద్దులకు బోల్టులతో బిగించి, దాని చుట్టూ పెట్టె కట్టాడు. మూడుసార్లు పడ్డా నిలిచింది, నాలుగోసారి కూడా తోయమన్నాడు వెంకటరాజం. ఒక పట్టీ చీలింది. లోపలిది కదల్లేదు.

"ఈ సందులెందుకు?" అని వెంకటరాజం పక్కన నిలబడ్డ దస్తగిరిని అడిగాడు.

"కరోడ్‌గిరి నాకా కాడ సుంకపోళ్లు విప్పి చూస్తరు గద," అన్నాడు దస్తగిరి. "విప్పినోళ్లు మల్ల సక్కగ కొట్టరు. సందులకెళ్లి చూసుకుంటే విప్పే పని లేదు."

వెంకటరాజం తలూపాడు. అతని లోపల ఆ విషయం తేలిపోయింది.

సాయంత్రానికే గురవయ్య మిల్లుకు వచ్చాడు. కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు. గొంతు మెత్తగా ఉంది.

"రాజం, నేను నా పని గురించి వచ్చిన అనుకోకు. నీ గురించే చెప్తున్న. సుభద్రమ్మ రజాకార్ల బాధకేనాయె ఇల్లిడిసి పోయింది. ఇల్లు గాని ఇంట్ల, దిక్కులేనట్టు పోయింది. మల్ల నువ్వు వాళ్లోనికే పని మోస్తవా? ఊరు ఏమంటది?"

వెంకటరాజం ఆయన ముఖం వంక చూస్తూ కూర్చున్నాడు. భార్య పేరు ఇంకొకరి నోట విని చాలా రోజులైంది. కోపం రావాలి ఇక్కడ అనిపించింది. లేదా దుఃఖం. రెండింట్లో ఏదీ రాలేదు. గురవయ్య చేతివేలి గోరు కింద ఎండిన లక్క ముక్క ఒకటి కనిపించింది. దాన్నే చూశాడు.

"నీ పెట్టె రెండో దెబ్బకు అడుగు ఇడిసింది గురవయ్యా," అన్నాడు.

గురవయ్య లేచి సేటు గదిలోకి పోయాడు. ఆయన వెళ్లాక సేటు పిలిచాడు. "ఊళ్లె మాట వస్తదంట రాజం. లింగాచారికి ఇస్తే పోదా?"

"లింగాచారి తలుపుకు మంచిగ చేస్తడు. ఇది తలుపు కాదు."

"అయితే కాగితం మీద రాసియ్యి, నువ్వే ఎంచినవని."

వెంకటరాజం అక్కడే నిలబడి ఉర్దూలో నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టాడు.

గురవయ్య కట్టె అమ్మనన్నాడు. దానికి వెంకటరాజం దగ్గర జవాబుంది. యంత్రాలు తీసేశాక మిల్లులో పలకల నేల అవసరం లేదు. ముప్పై ఏళ్లు నూనె తాగిన టేకు పలకలు అవి. వాటిని ఊడబెరికించాడు. చీలలు కరువు కాబట్టి పాతవి పీకి, బండ మీద పెట్టి సుత్తితో సాపు చేయించాడు. ఆ పలకలను దస్తగిరి మిల్లు కొట్టంలోనే కోశాడు. కోస్తుంటే పొట్టులోంచి ఆముదం వాసన వచ్చేది.

నెలన్నర ఇద్దరూ ఆ కొట్టంలో గడిపారు. ఒక్కో యంత్రం భాగానికి ఒక్కో పెట్టె, ఏ రెండూ ఒక్కతీరు కావు. దస్తగిరి కొలిస్తే వెంకటరాజం మరోసారి కొలిచేవాడు. అతని కన్ను మసక కాబట్టి, గీత గీసే పని వెంకటరాజం మీద పడింది. మాటలు తక్కువ. రాజమణి మధ్యాహ్నం సద్ది తెచ్చి గడప దగ్గర పెట్టి పోయేది.

ఆరో పెట్టె కడుతున్న రోజు దస్తగిరి అడిగాడు. "బిడ్డనే తెస్తది. ఇంట్ల అమ్మ లేదా?"

"లేదు. క్యాంపుల గత్తరొచ్చి పోయింది. యాక్షనుకు ముందుగాల."

దస్తగిరి చేతిలో సుత్తి ఆగింది. మళ్లీ కొట్టాడు. ఆ చీల దిగిపోయాక అన్నాడు. "మా తమ్ముడు, వాని ఇద్దరు కొడుకులు బాయిల దొరికిన్రు. యాక్షను అయిన వారానికి. నేనే దిగి తీసిన."

   వెంకటరాజం ఇంకో చీల అందించాడు.

"మీ ఇంటామెను యాడ పెట్టిన్రు?" అన్నాడు దస్తగిరి.

"నాకు తెల్వదు."

"బిడ్డకు తెలుసు గద."

"తెలుసు."

దస్తగిరి మళ్లీ సుత్తి ఎత్తాడు. ఆ మాటే వెంకటరాజం వెంట ఇంటిదాకా నడిచింది.

మరునాడు ఆదివారం. రాజమణి వాకిట్లో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. అతను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. అట్లా ఎప్పుడూ కూర్చోడు కనుక ఆమె చాట పక్కన పెట్టింది.

"అమ్మ ఎట్ల పోయింది బిడ్డా?"

రాజమణి ఎన్నో రోజులుగా సిద్ధంగా ఉన్నట్టే చెప్పింది. 

"మూడు దినాలు, బాపు. మొదలు ఒంట్ల బాగలేదనుకున్నం. రెండోనాడు లేవలే. దవాఖాన గుడిసెల జాగ లేదన్నరు. మన వాడకట్టు కౌసల్యత్త, నేను నీళ్లు పోసుకుంట కూసున్నం. మూడోనాడు పొద్దుగాల పోయింది. బండొచ్చింది. బండిల ఇంకా నలుగురున్నరు. నడుమల పండవెట్టిన్రు."

"యాడికి కొంచవోయిన్రు?"

"క్యాంపుకు అవతల వాగొడ్డుకు. సున్నం పోసి పూడ్చిన్రంట. నన్ను దగ్గరికి రానియ్యలే. దూరంకెల్లి చూసిన."

"నన్ను అడిగిందా?"

"అడిగింది. బాపు కొలువు కాడున్నడు, వస్తుండు అని చెప్పిన."

వెంకటరాజం తలూపాడు. "మంచిగ చెప్పినవ్," అన్నాడు. లేచి కడవలోంచి నీళ్లు తాగి, ఆదివారమైనా మిల్లుకు పోయాడు. పెట్టెలకు వేయాల్సిన బోల్టులు ఒక బుట్టలో ఉన్నాయి. వాటిని లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. మూడోసారి కూడా ఎన్నో గుర్తు లేకపోతే బుట్ట కింద పెట్టి, పొద్దు వాలేదాకా పలకల మీద కూర్చున్నాడు.

పుష్యమాసంలో పదకొండు పెట్టెలూ బండి ఎక్కాయి. ఊరు ఏదో అంటుందన్నారు కానీ పెద్దగా ఎవరూ ఏమీ అనలేదు. బీరప్ప జట్టు మోసింది. గురవయ్య డిపో ముందు నిలబడి చూశాడు. నాకాలో పెట్టెలు ఆపి, బత్తి పట్టుకుని సందుల్లోంచి చూసి పంపించారని వెంట పోయిన గుమాస్తా తర్వాత చెప్పాడు. ఒక్కటీ విప్పలేదట.

ఇరవై రోజులకు ఆదోని నుంచి జవాబు వచ్చింది. అన్నీ క్షేమంగా ముట్టాయని, గుంతకల్లులో ఒకటి కిందపడ్డా లోపలి సామాను చెక్కుచెదరలేదని రాశారు. పెట్టెలు చేసిన మేస్త్రీ ఎవరు, మా దగ్గర పని ఉంది, వస్తాడా అనీ అడిగారు.

వెంకటరాజం ఆ కాగితం తీసుకుని రైలు పట్టాలు దాటిపోయి చదివి వినిపించాడు. దస్తగిరి ఇంట్లోకి పోయి భార్యతో మాట్లాడి వచ్చాడు. విధవరాలైన మరదలు కూడా గుమ్మం వెనక నిలబడి వింటోంది.

"పోతం," అన్నాడు. "ఈడ పొద్దుగాల లేస్తే అదే బాయి కానొస్తది."

వాళ్లు పోయిన రోజు వెంకటరాజం స్టేషనుకు వచ్చాడు. ఇంటి సామాను రెండు పెట్టెల్లో ఇమిడిపోయింది. బండి కదలడానికి ముందు దస్తగిరి కిటికీలోంచి అడిగాడు. "మీకు ఏమన్న కట్టియ్యాల్నా మున్షీ సాబ్? పోయినంక ఎవల్నడుగుతరు?"

"నాకేం లేదు భాయ్, కట్టేటందుకు."

బండి పోయింది. మిల్లు రేకులు కూడా ఆ ఎండకాలం అమ్ముడుపోయాయి. వెంకటరాజం జడ్చర్లలో పత్తి మిల్లుకు మున్షీగా పోయాడు. రాజమణిని నారాయణపేటలో నేతపని చేసే సిద్దిరాములుకు ఇచ్చి చేశాడు. పెళ్లిలో అతను అన్ని పనులూ దగ్గరుండి చూసుకున్నాడు. ఎవరో సుభద్రమ్మను తలుచుకుని ఏడిస్తే, వాళ్లకు నీళ్లు తెప్పించాడు.

యాభై ఒకటి చలికాలంలో ఒకసారి కూతుర్ని వెంటబెట్టుకుని బస్సులు మారి జగ్గయ్యపేట దిక్కు పోయాడు. క్యాంపు జాగాలో గుడిసె ఒక్కటీ లేదు. వాగు ఒడ్డు పొడుగునా మిరపతోట వేశారు. రాజమణి ఇటు చూపించి, కాదు అని అటు చూపించింది. ఆ తర్వాత చెయ్యి దించేసింది.

"గుర్తు వడ్తలేదు బాపు. అప్పుడు చెట్లు లేకుండె."

"ఉండనీ."

ఇద్దరూ గట్టు మీద నిలబడ్డారు. కాయలు పండి ఎర్రగా ఉన్నాయి. కూలివాళ్లు వంగి ఏరుతున్నారు. కొంతసేపటికి తోట ఆసామి దగ్గరికి వచ్చి, ఎవరు మీరు, ఎవరి కోసం వచ్చారు అని అడిగాడు.

"నల్లగొండ దిక్కోళ్లం," అన్నాడు వెంకటరాజం. "క్యాంపు రోజులల్ల మావాళ్లు ఈడుండె. చూసి పోదామని వచ్చినం."

ఆ రైతుకు అర్థమైంది.  నీడకు రమ్మని, ముంతలో నీళ్లిచ్చాడు. వెంకటరాజం తాగి ముంత కూతురికి అందించాడు. కాళ్లు నొప్పి పెడుతున్నాయని అప్పుడు తెలిసింది అతనికి. చెప్పులు విడిచి ఆ మట్టి మీదే కూర్చున్నాడు. ఎండ తగ్గేదాకా, బస్సు వేళయ్యేదాకా అక్కడే ఉన్నారు.